ఈ పుస్తకము చదివి చూడుడు

సాహిత్యవిమర్శ యనగానే పత్రికలలోని సమీక్షలు, విశ్వవిద్యాలయములలోని పరిశోధనవ్యాసములు, సభలలోని ఉపన్యాసములు మనకు స్ఫురించును. ఇవిగాక వేరొక విమర్శ కలదు. అది అచ్చున కెక్కదు. దానికి పీఠిక లేదు, ఉపసంహారము లేదు. గ్రంథాలయములో పుస్తకములిచ్చు బల్లయొద్ద నిలిచి, ఏది తీసికొనవలెనో తోచక దిక్కులు చూచుచున్న పాఠకుని గమనించి, అచటి ఉద్యోగి బీరువానుండి ఒక పుస్తకము తీసి, “ఇది చదివి చూడండి” అనును. ఆ మూడు మాటలలో గ్రంథమును గూర్చిన తీర్పు ఉన్నది. పాఠకుని గూర్చిన ఊహ ఉన్నది. ఆ రెంటికిని పొత్తు కుదురునను పూచీ ఉన్నది.

పత్రికావిమర్శకుడు తన పాఠకుని ముఖము చూడడు. తాను మెచ్చిన గ్రంథము ఎవరికి నచ్చెనో, ఎవరు పది పుటలు చదివి మూలబెట్టిరో అతనికి తెలియదు. గ్రంథాలయోద్యోగికి అట్టి వెసులుబాటు లేదు. పదునైదు దినములలో ఆ పాఠకుడే, ఆ పుస్తకముతోనే, ఆ బల్లయొద్దకే వచ్చును. నచ్చినచో “ఇటువంటిదే మరొకటి ఇవ్వండి” అనును. నచ్చనిచో ఏమియు అనకుండ పుస్తకము బల్లపై పెట్టి పోవును. రెండవమారు సలహా అడుగడు. ఇంత త్వరగా, ఇంత నిక్కచ్చిగా జవాబు చెప్పుకొనవలసిన విమర్శకుడు మరియొకడు లేడు. కావున ఈ సిఫారసును ఉద్యోగధర్మములోని ఒక చిన్న మర్యాదగా గాక, విమర్శలో ఒక శాఖగానే పరిశీలింపవలెనని మా అభిప్రాయము. బెంగుళూరు తెలుగువారికి ఇది వట్టి శాస్త్రచర్చ కాదు. మన భాష రానున్న తరమువారి చేతిలో పుస్తకముగా నిలుచునా, లేక నోటిమాటగా మాత్రమే మిగులునా యను ప్రశ్న దీనితో ముడివడి యున్నది.

ఈ చర్చకు బెంగుళూరు తగిన స్థలము. భారతీయ గ్రంథాలయశాస్త్రమునకు ఆద్యులని పేర్కొనదగిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు (1892–1972) తమ కడపటి సంవత్సరములు ఈ నగరముననే గడపి, ఇచటనే దివంగతులైరి. 1962లో వారు నెలకొల్పిన డాక్యుమెంటేషన్ పరిశోధన శిక్షణ కేంద్రము నేటికిని ఇచట పనిచేయుచున్నది. గణితోపాధ్యాయులుగా ఉండి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు వచ్చిన ఈ మహనీయులు 1931లో ప్రకటించిన పంచసూత్రములు లోకప్రసిద్ధములు. వారి పేరు చెప్పగానే చాలమందికి గ్రంథముల వెన్నుపై కనిపించు వర్గీకరణ సంఖ్యలు గుర్తునకు వచ్చును. కాని ఆ సంఖ్యలన్నియు ఒక లక్ష్యమునకు సాధనములు. పాఠకుని వైపునుండి చూచినను, గ్రంథము వైపునుండి చూచినను, తగినవారిని తగినదానితో కలుపుటయే గ్రంథాలయమునకు ప్రయోజనమని వారి రెండవ, మూడవ సూత్రముల సారాంశము. ఆ కలయిక తనంత తాను జరుగదనియు, నడుమ ఒక మనిషి కావలెననియు వారు గట్టిగా నమ్మిరి.

మన పల్లెలలో ఇట్టి పని పెండ్లిళ్ల పేరయ్యది. సంబంధము కుదుర్చువాడు ఇరువైపుల ఇండ్లును ఎరిగి యుండవలెను. పుస్తకము మాత్రమే యెరిగినవాడు పండితుడు; పాఠకుని మాత్రమే యెరిగినవాడు మంచి పొరుగువాడు; రెంటిని ఎరిగినవాడే గ్రంథపాలకుడు. అయితే నూరు కల్లలాడియైనను ఒక పెండ్లి చేయవలెనను సామెత ఇచట చెల్లదు. గ్రంథాలయోద్యోగి ఒక్క కల్ల యాడినను పదునైదవ దినమున బయటపడును.

తెలుగుదేశమునకు ఈ విద్య కొత్తది కాదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోను, వేటపాలెములో సారస్వతనికేతనము 1918లోను వెలసెను. ఈ రెంటి నడుమ, 1914లో, విజయవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి అధ్యక్షతన గ్రంథాలయ మహాసభ జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారి పూనికతో గ్రంథాలయములు పల్లెలకు వ్యాపించెను. చదువురానివారి కొరకు ఒకరు బిగ్గరగా చదువగా పదిమంది కూర్చుండి వినుట ఆ ఉద్యమములో ఒక భాగము. 1935లో పాతూరి నాగభూషణము గారు కొల్లిపర, పెదవడ్లపూడి ప్రాంతమున కాలువలో తిరుగు పడవలయందు ప్రయాణికులకై గ్రంథాలయములు నడిపించిరి.

ఆ పడవలను తలచుకొనినప్పుడు మాకొక ఊహ కలుగును. సంతకు పోవు రైతునకు, పుట్టింటికి పోవు ఇల్లాలికి, పరీక్షకు పోవు విద్యార్థికి ఒకే పుస్తకము పనికిరాదు. ఆ పుస్తకము రేవు వచ్చులోపల ముగియదగినదై యుండవలెను. పక్కవారు వినునట్లు చదువుటకు వీలైనదై యుండవలెను. సగములో ఆగినను మిగిలినది చదువవలెనను కోరిక కలిగించునదై యుండవలెను. ఇట్టి ఎన్నికకు అలంకారశాస్త్రము చాలదు. గ్రంథపు గుణముతోపాటు, చదువు సమయము, చోటు, చదువువారి ఓపిక కూడ లెక్కకు రావలెను. నేటి విమర్శకులలో ఎందరు ఈ లెక్క వేయుచున్నారు?

ఇచట ఒక హెచ్చరిక అవసరము. మెచ్చి యిచ్చు చేయియే అడ్డుపెట్టు చేయిగా మారవచ్చును. అమెరికాలో న్యూయార్కు ప్రజాగ్రంథాలయమునందు పిల్లల విభాగమును తీర్చిదిద్దినవారు ఆన్ కారల్ మూర్ అను విదుషీమణి. పిల్లలకు గ్రంథాలయములలో తమదైన గది యుండవలెనని కృషిచేసిన వారిలో ఆమె అగ్రగణ్యురాలు. కాని తన అభిరుచిపై ఆమెకు విశ్వాసము మెండు. ఇ. బి. వైట్ రచించిన ‘స్టువర్ట్ లిటిల్’ అను పిల్లల నవలను, ఉద్యోగవిరమణ చేసిన తర్వాత కూడ, 1945లో ఆమె తీవ్రముగ వ్యతిరేకించెను. ‘గుడ్‌నైట్ మూన్’ అను చిట్టి బొమ్మలపుస్తకము 1947లో వెలువడగా, ఆమె ప్రభావమునకు లోబడిన ఆ గ్రంథాలయము 1972 వరకు దానిని కొనలేదు. ఆ రెండు పుస్తకములను పిల్లలు తరతరములుగా చదువుచునే యున్నారు. “నాకిది ఇష్టము” అనుటకు ఉద్యోగికి పూర్తి హక్కు కలదు. “నాకిష్టము కానిది నీకు దొరకకూడదు” అనుటకు లేదు.

మన సంఘములలో ఈ దోషము మరియొక రూపమున కనిపించును. మనము నిషేధింపము, గౌరవముతో దూరము చేయుదుము. తప్పక చదువదగిన గ్రంథముల పట్టిక వేయుడనినచో, కవిత్రయముతో ఆరంభించి, ప్రబంధములమీదుగా సాగి, ‘వేయిపడగలు’ వద్ద ఆగుదుము. ఒక్కొక్కటియు మహాగ్రంథమే, సందేహము లేదు. కాని ఆ పట్టిక వ్రాయునప్పుడు మన మనస్సులో పాఠకుడు లేడు, సభ ఉన్నది. అవెన్యూ రోడ్డులోని పాతపుస్తకముల అంగళ్లలో ఇట్టి సిఫారసుల ఫలితమును మేము పలుమార్లు చూచితిమి. మొదటి పుటలో బహుమాన పత్రము అంటించి యుండును; రెండవ పుటనుండి వ్రేలిముద్ర యైనను ఉండదు. ఆ బహుమతి పొందిన బాలుడు తెలుగు చదువలేదని మనము నిట్టూర్తుము. అతనికి మనము ఏమి యిచ్చితిమో ఆలోచింపము.

అట్లైన ఎట్లు ఎంచవలెను? సియాటిల్ నగరమున గ్రంథపాలికగా పనిచేసి ప్రఖ్యాతిగాంచిన నాన్సీ పర్ల్ ఒక సులభమైన పద్ధతి చెప్పిరి. పాఠకుడు పుస్తకములోనికి నాలుగు ద్వారములలో ఏదో ఒకదానినుండి ప్రవేశించునట. అవి కథ, పాత్రలు, స్థలము, భాష. “ఏ పుస్తకము కావలెను?” అని అడుగుటకంటె, మునుపు నచ్చిన పుస్తకమును గూర్చి రెండు మాటలు చెప్పించి, అతని ద్వారమేదో కనిపెట్టుట మేలు. ఆమెదే మరియొక నియమము కలదు. 50 ఏండ్లలోపువారు 50 పుటలు చదివి, నచ్చనిచో పుస్తకము మూయవచ్చును. అంతకు పైబడినవారు 100 నుండి తమ వయస్సు తీసివేసి, మిగిలినన్ని పుటలు చదివిన చాలును. 70 ఏండ్లవారికి 30 పుటలే! మన వృద్ధసభ్యులకు ఇది శుభవార్త.

ఈ కొలతతో మన బీరువాను ఒకమారు చూతము. కథాద్వారమున వచ్చు పెద్దలకు మేము మధిర సుబ్బన్నదీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’ చూపుదుము. కాశికి నడచిపోవు యతియు, అతనితో వచ్చిన గోపబాలకుడును మజిలీ మజిలీకి ఆగుదురు. ఆగినచోటనెల్ల ఒక కథ పుట్టును. ఎచట ఆపినను తప్పులేదు, ఆపబుద్ధి పుట్టదు. లోపమును కూడ చెప్పవలెను. మూలమునందలి గ్రాంథికభాష నేటివారికి మొదటి రెండు మజిలీలలో కాళ్లకు అడ్డుపడును. ఎవరైన పెద్దవారు మొదటి కథను చదివి వినిపించినచో తక్కినవి తామే చదువుకొందురు.

పాత్రలను ప్రేమించువారికి మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిష్టరు పార్వతీశము’ కంటె మంచి తొలిపుస్తకము లేదు. మొదటి భాగము 1924లో వెలువడెను. మొగల్తూరు విడిచి సీమకు పోవు ఆ యువకుని అమాయకత్వమునకు నవ్వనివారుండరు. కాని సొంత ఊరు విడిచి బెంగుళూరు చేరి, మొదటి నెలలో బస్సులో దిగవలసినచోటు అడుగుటకు మొగమాటపడినవారు ఆ నవ్వునందు తమ్ము తామే చూచుకొందురు. హాస్యగ్రంథముగానే గాక, వలసపోయినవాని చరిత్రగా కూడ దీనిని ఈయవలెను.

స్థలద్వారమున ప్రవేశించువారికి సత్యం శంకరమంచి గారి ‘అమరావతి కథలు’ తగును. నూరు కథలు, ఒక్కొక్కటి కొద్ది పుటలే. కృష్ణయొడ్డు, గుడి, వీధులు, వాటిలో బ్రతుకు పెద్దలు, పేదలు అందు కనిపింతురు. పనినుండి అలసి వచ్చినవారికి రాత్రికి ఒక కథ చాలును. బహుదినములుగా తెలుగు చదువుట మానివేసినవారికి తిరిగి అలవాటు కలిగించుటలో ఈ పుస్తకము మిక్కిలి ఉపకరించునని మా అనుభవము. బుచ్చిబాబు గారి ‘చివరకు మిగిలేది’ మాకు అత్యంత ప్రియమైన నవలలలో నొకటి. ఐనను కొత్త పాఠకునికి దానిని మొదట ఈయము. అది నిలిచి, వెనుకకు తిరిగి, మనస్సు తవ్వుకొనుచు సాగు నవల. దానికి పాఠకుడు సిద్ధము కావలెను. తన ప్రియగ్రంథమును ఎప్పుడు ఈయకూడదో తెలిసికొనుట సిఫారసువిద్యలో సగము.

భాషాద్వారము బెంగుళూరులో అన్నిటికంటె ముఖ్యమైనది. ఈ నగరమున తెలుగు మాటలాడువారిలో చాలమంది చిత్తూరు, అనంతపురము, కోలారు సీమల మాటతీరు కలవారు. తమది ‘సరియైన తెలుగు’ కాదను సంకోచము వారికి చిన్ననాటినుండి నూరిపోయబడినది. అట్టివారి చేతిలో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి ‘మిట్టూరోడి కథలు’ పెట్టి చూడుడు. తన అవ్వ నోటిమాట అచ్చులో కనిపించినప్పుడు మనిషి ముఖము వికసించును. చిత్తూరు జిల్లా పల్లెమాటను నవ్వులకై గాక, కష్టసుఖములు చెప్పుటకై సాహిత్యమునకు ఎక్కించిన రచయిత ఆయన. ఆ తర్వాత గోదావరి పలుకుబడికి శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథలను ఈయవచ్చును. తన ఇంటి మాటకు గౌరవము దొరకినవాడు పొరుగింటి మాటను సంతోషముతో వినును. వరుస తారుమారైనచో సంకోచమే పెరుగును.

ఇచట మన నగరమున కడపటి దినములు గడపిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారిని (1893–1979) స్మరింపకుండ ఉండలేము. మైసూరు మహారాజా కళాశాలలో పెక్కేండ్లు తెలుగు బోధించిన వారి వేమనోపన్యాసములు గ్రంథరూపమున నున్నవి. వేమనను బడిపద్యములవరకే ఎరిగినవారికి ఆ గ్రంథము ఈయదగినది. కవిని పూజింపక, తూలనాడక, మనిషిగా ఎదుట కూర్చుండబెట్టుకొని మాటలాడుట ఎట్లో అందు నేర్చుకొనవచ్చును. కన్నడిగులగు మన పొరుగువారు తమ సర్వజ్ఞుని గూర్చి చెప్పునప్పుడు, మన వేమనను గూర్చి చెప్పుటకు మనకును నాలుగు మాటలుండవలెను గదా.

ఇక పిల్లలు. నాలుగు ద్వారములకంటె ముందు వారికి వెలుపలి గవని యొకటి కలదు, అది లిపి. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు – ఇది బెంగుళూరు తెలుగుబిడ్డ దినచర్య. కథ చెప్పినచో కన్నులప్పగించి వినును. పుస్తకము చూపినచో తల ద్రిప్పుకొనును. భాష రాక కాదు, అక్షరము రాక. దీనికి మందు మన పొరుగుననే యున్నది. కన్నడ లిపియు తెలుగు లిపియు ఒక తల్లి బిడ్డలు. గ, బ, ల, ర వంటి అక్షరములు రెంట దాదాపు ఒక్కటే. ముఖ్యమైన భేదము తలకట్టు తీరులో నున్నది. బడిలో కన్నడము నేర్చిన బాలునకు తెలుగు అక్షరమాల కొత్తగా దిద్దించుట అనవసరము. అతనికి వచ్చినదానిని ఆధారము చేసికొని తెలియనిదానికి నడిపింపవలెను.

కావున ఇచటి పిల్లలకు సూచింపదగిన మొదటి పుస్తకము ఒకటి కాదు, జంట. చక్రపాణి, నాగిరెడ్డి గారలు 1947 జూలైలో ఆరంభించిన ‘చందమామ’ 1949నుండి కన్నడమునను వెలువడెను. ఆ పత్రిక నేడు వెలువడుట లేదు. కాని పాతసంపుటములు దొరకుచునే యున్నవి. అవే బొమ్మలు, అవే కథలు రెండు భాషలలో. కన్నడసంచికను ఎడమవైపున, తెలుగుసంచికను కుడివైపున పరచినచో, విక్రమార్కుని భుజముపైనున్న భేతాళుడే ఉపాధ్యాయుడగును. కొత్తపుస్తకములు కావలెననువారికి, బెంగుళూరు కేంద్రముగా 2004లో వెలసిన ప్రథమ్ బుక్స్ సంస్థ పిల్లల బొమ్మలపుస్తకములను పలు భారతీయభాషలలో ప్రకటించుచున్నది. ఆ సంస్థయే 2015లో ఆరంభించిన స్టోరీవీవర్ నందు ఒకే కథను తెలుగునను కన్నడమునను ఉచితముగ చదువవచ్చును. పుటకు రెండు మూడు వాక్యములే యుండుటచేత తొలి అడుగునకు అవి మిక్కిలి అనుకూలములు.

ముళ్లపూడి వెంకటరమణ గారి ‘బుడుగు’ను గూర్చి మా మాట కొంత భిన్నము. దానిని పిల్లలపుస్తకమని యిచ్చుట పరిపాటి. అది పిల్లవాని నోట పలికిన పెద్దల ప్రపంచము. అందలి చమత్కారములో సగము పెద్దలకే తెలియును. ఏడేండ్ల బిడ్డకు ఒంటరిగా ఇచ్చినచో బాపు గారి బొమ్మలు చూచి పక్కన పెట్టును. అమ్మయో తాతయో చదువగా విన్నచో, ఇద్దరును వేర్వేరుచోట్ల నవ్వుదురు. అట్టి నవ్వులో పిల్లవాడు “ఎందుకు నవ్వినావు తాతా?” అని అడుగును. ఆ ప్రశ్నకొరకే ఆ పుస్తకము ఈయవలెను.

ఈ సలహాలన్నియు యంత్రమే చెప్పుచున్నది గదా యని నేటివారు అనవచ్చును. ఈ పుస్తకము కొన్నవారు మరియే పుస్తకము కొనిరో యంత్రము చెప్పగలదు. కాని కొనని పుస్తకమును, అడుగని ప్రశ్నను, బల్లయొద్ద నిలిచి తెలుగు చదువరాదని చెప్పుకొనుటకు సిగ్గుపడు ముప్పదియేండ్ల యువతిని అది చూడజాలదు. ఆ యువతికి పిల్లలబీరువాలోని పుస్తకమునే, చిన్నతనము తోచకుండ, “మీ పాపకు చదివి వినిపించండి” అని యిచ్చుటకు మనిషి కావలెను. ఆమె పాపతోపాటు తానును చదువ నేర్చును. పెద్దలపుస్తకములు, పిల్లలపుస్తకములు అను విభాగము మన నగరమున ఇట్లు తరచుగా చెరిగిపోవుచుండును.

కబ్బన్ పార్కులోని ఎర్రని శేషాద్రి అయ్యరు స్మారకమందిరమునుండి, 1945లో బసవనగుడిలో వెలసిన ప్రపంచసంస్కృతి సంస్థయొక్క గ్రంథాలయమువరకు, బెంగుళూరులో పుస్తకములకు కొదవ లేదు. తెలుగుబీరువాను కనిపెట్టి యుండు భారము మాత్రము చాలవరకు మనవంటి సంఘములది. మా సూచన చిన్నది, ఖర్చులేనిది. గ్రంథాలయమున పనిచేయువారు, జీతముపైనగాని సేవగాగాని, తాము చదివి మెచ్చిన ప్రతిపుస్తకములోను ఒక చీటి పెట్టవలెను. అందు బిరుదములు వలదు. ఇది ఎవరికి నచ్చును, ఏ ద్వారమున ప్రవేశింపవలెను, ఎచట మందగించును – ఈ మూడును వ్రాసి సంతకము చేయవలెను. చీటి వెనుకవైపు తెల్లగా విడువవలెను. అది పాఠకుని చోటు. “మీరు చెప్పినంత లేదు” అని పదేండ్ల బాలిక వంకరటింకర తెలుగక్షరములతో వ్రాసినచో, ఆ చీటిని చించక, అద్దముగల పలకలో పెట్టి గోడకు తగిలింపవలెను. ఆ బాలిక తెలుగు చదివినది. చదివి, పెద్దలతో విభేదించినది. విమర్శ అనునది అచట పుట్టినది.

మన బీరువాలకు తాళములున్నవి, తాళపుచెవులును ఉన్నవి. బీరువా తెరచి, ఎదుట నిలిచినవారి ముఖము చూచి, తగిన పుస్తకము తీసి, ఆ మూడు మాటలు చెప్పువారు కావలసియున్నారు.